ఒట్టేసిన రోడ్డు

జనం గుడి చూడ్డానికి మధుర పోతారు, చల్లగాలికి ఊటీ పోతారు. రోడ్డు మీద గుంటల కోసం తమిళనాడు పోయి వచ్చినవాణ్ణి మా ఒంగోలులో నేనొక్కణ్ణే. అదీ గుంటలున్నాయని కాదు, ఉండాల్సిన చోట కనిపించడం లేదని పోయాను.

తిరిగొచ్చి ఈ మాట చెబితే మా బావమరిది, "ఇదీ నీ పాత గుంట లాంటిదేనా బావా?" అన్నాడు. పాత గుంట సంగతి మీకు తెలియదు కదా. చీరాల పోయే దారిలో ఒక గుంటలో కొర్రమీనులు పెరిగాయనీ, పంచాయతీవాళ్ళు దానికి వేలంపాట పెట్టారనీ నేను ఒకప్పుడు చెప్పాను. కొర్రమీనుల మాట నిజమే. వేలంపాట నేను కలిపాను. కూరలో ఉప్పు కలిపినట్టు కలిపానే గానీ, మోసం చేద్దామని కాదు. ఇప్పుడు చెప్పబోయేదాంట్లో మాత్రం నేను కలిపింది ఏమీ లేదు. దీనికొచ్చిన చిక్కల్లా అదే.

పీలమేడు

నా ఉద్యోగం రోడ్ల సర్వే. కారు కింద లేజర్లు, నెత్తిన కెమెరాలు పెట్టుకొని తిరుగుతాం. రోడ్డు ఎంత కుదుపుతోంది, ఎక్కడ పగిలింది, చక్రాలు పోయే చోట ఎంత కుంగింది అన్నీ కొలిచి, ఆ అంకెల్ని పెద్ద చదువులవాళ్ళకు అప్పజెబుతాం. వాళ్ళు వాటిని శుభ్రం చేసి కంప్యూటరుకు నేర్పిస్తారు. అది జాతకం చెబుతుంది: ఫలానా రోడ్డు ఇన్నేళ్ళు బతుకుతుంది, ఫలానాది వచ్చే వానాకాలం దాటదు, అని. దాన్నిబట్టి ఏ రోడ్డు ముందు వెయ్యాలో పై వాళ్ళు నిర్ణయిస్తారు. మనుషుల జాతకాల మీద నాకు నమ్మకం లేదు గానీ, రోడ్లు అబద్ధం చెప్పవని అప్పటిదాకా నమ్మేవాణ్ణి.

ఈసారి పని కోయంబత్తూరు పీలమేడు నుంచి వచ్చింది. పీలమేడులో కాలేజీలు ఎక్కువ, మిల్లులు ఎక్కువ, స్కూటర్లు అన్నిటికంటే ఎక్కువ. నెత్తి మీద విమానం దిగుతుంటే కింద టీకొట్టులో "చక్కెర కొంచమే ఏయప్పా" అని తెలుగు వినిపిస్తుంది. వందల ఏళ్ళ కిందట మన వైపు నుంచి పోయి అక్కడ సేద్యాలు, తర్వాత మిల్లులు పెట్టుకున్న కుటుంబాలు. ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం, ఆఫీసులో ఇంగ్లీషు. తెలుగక్షరం చూపిస్తే ముగ్గేమో అన్నట్టు చూస్తారు. నోరు తెరిస్తే మాత్రం మా ముత్తాత లేచొచ్చి మాట్లాడినట్టుంటుంది: వస్తిమి, తింటిమి, పోతిమి.

నన్ను పిలిపించిన డాక్టర్ కవిత ఆ కుటుంబాల పిల్లే. మందుల డాక్టరు కాదు, రోడ్ల డాక్టరు. నాకంటే ఇరవై ఏళ్ళు చిన్న, నాకంటే రెండు రెట్లు గంభీరం. మధ్యాహ్నం భోజనానికి వాళ్ళింటికే తీసుకుపోయింది. గుమ్మంలోనే వాళ్ళ అవ్వ నా ముఖంలోకి చూసి, "ఏమప్పా, పసిగా ఉండాదా?" అంది.

యాభై దాటినవాణ్ణి పట్టుకొని పసిగా ఉన్నావా అంటే ఎవరు మాత్రం పొంగిపోరు? "అందరూ అదే అంటారు అవ్వా, తలకి రంగు కూడా వెయ్యను," అన్నాను. అవ్వ మనవరాలి వైపు చూసింది. కవిత పళ్ళెం పెడుతూ, "పసి అంటే ఆకలి సార్," అంది. అది తమిళం మాట. తెలుగు మాట వేసుకునే చొక్కా వేసుకొని కూర్చుంది, అంతే. అప్పుడే జాగ్రత్త పడాల్సింది. పప్పు కలిపి వండిన కూడు, పైన నెయ్యి, పక్కన అప్పళం వచ్చేసరికి జాగ్రత్త సంగతి మరిచిపోయాను. ఆవకాయ అడిగితే ఉప్పులో ఊరిన ఎండు నిమ్మకాయ బద్ద ఒకటి వేశారు. అతిథి నొచ్చుకోకూడదు కనుక అదీ తిన్నాను.

తిన్నాక కవిత తెర మీద ఒక గీత చూపించింది. మధుర అవతల చిన్నమనూరు దగ్గర ద్రాక్ష తోటల మధ్య పోయే రోడ్డు ముక్క. దాని కుదుపు ఏటేటా పెరుగుతూ వచ్చి, ఈ ఏడు ఉన్నట్టుండి తగ్గింది. పై నుంచి తీసిన ఫోటోల్లో రోడ్డు నిండా నల్లటి గుండ్రాలు. బొమ్మల్ని గుర్తుపట్టే సాఫ్ట్‌వేరు వాటన్నిటికీ "డ్రైనేజీ మూత" అని పేరు పెట్టింది.

"ద్రాక్ష తోటలో డ్రైనేజీ ఏమి సార్?" అంది కవిత. "ఈ ముక్కకి మరమ్మతు చేసినట్టు రికార్డు లేదు. రోడ్డు దానంతట అది బాగుపడదు గదా."

"మా వైపు ఎలక్షన్లకి ముందు బాగుపడుతుందమ్మా."

ఆ పిల్ల నవ్వలేదు. "ఇట్లే మెషీన్‌కి నేర్పిస్తే, ద్రాక్ష తోట పక్కన రోడ్డుకి వైద్యం వద్దు, ఊరికే వదిలేస్తే తగ్గిపోతది అని నేర్చుకుంటది. ఇంక ఆ వైపు రోడ్డు ఏయమని చెప్పనే చెప్పదు."

"ఆ ముక్క తీసేస్తే పోలా?"

"తీసేస్తే లెక్కలోనే ఉండదు. లెక్కలో లేని రోడ్డుని ఎవురు ఏస్తారు సార్? ఎవురో ఏమో చేసుండారు. ఎవురు చేసిరి, అడుగు నుంచి ఏసిరా, పైపైన పూసిరా, అది కనుక్కొని రాండి. అడుగు నుంచి ఏసుంటే రోడ్డు ఆరోగ్యం. పైపూతే అయితే లోపల జబ్బు అట్లే ఉండాదని నేను గుర్తు పెడతా. శుక్రవారం సాయంత్రం ఫైలు మూసేస్తాము."

నన్నే ఎందుకు పంపుతున్నారని అడిగాను. "ఆ ఊళ్ళలో తెలుగోళ్ళు సార్. మీకు తెలుగు బాగా తెలుసు గదా," అంది. ఛాతీ విరుచుకున్నాను. బయల్దేరేముందు ఇంకో మాట కూడా అంది: "రిమార్కుల్లో కథలు వద్దు సార్." కొర్రమీనులు పీలమేడు దాకా ఈదుకుంటూ వచ్చాయన్నమాట.

మేట్టుపాళయం

చిన్నమనూరు పోయే ముందు యంత్రం సరిగ్గా కొలుస్తోందో లేదో చూసుకోవాలి. అందుకు కుదుపెంతో ముందే తెలిసిన రోడ్డొకటి మేట్టుపాళయం వైపు పెట్టుకున్నారు. నీలగిరి కొండల కాళ్ళ దగ్గర ఊరు. ఊరంతా పచ్చి వక్కల వాసన, మూటల్లో కూరగాయలు. కొండెక్కే చిన్న రైలు ఇక్కణ్ణుంచే మొదలు. దాని తీరు మా పెదనాన్న మేడ మెట్లెక్కినట్టుంటుంది: నాలుగు మెట్లు, ఒక దగ్గు.

కారు నడిపేది గురుసామి. నా ఈడువాడే, పీలమేడు పక్కన పుట్టాడు, ఇంట్లో తెలుగే. రోడ్డు మీద మా ముందు పోతున్న లారీ నుంచి ఒక క్యాబేజీ దొర్లిపడింది. గురుసామి తప్పించేలోపు చక్రం దాని మీదికెక్కింది. తెర మీద గీత తాటిచెట్టంత లేచింది. ఫోన్లో కవితకు చెప్పాను.

"మేట్టుపాళయం రోడ్డులో భూకంపం వచ్చిందమ్మా."

"సార్."

"క్యాబేజీ."

"అది తీసేయండి," అంది. తీసెయ్యాల్సింది ఏదో, ఉంచాల్సింది ఏదో తెలుసుకోవడమే ఈ పని మొత్తం అని కూడా అంది. క్యాబేజీ అబద్ధం, పోతుంది. గుంట నిజం, ఉంటుంది. వినడానికి ఎంత సులువు!

సగం క్యాబేజీ బాగానే ఉందని గురుసామి డిక్కీలో వేసుకున్నాడు.

మధుర

మధుర దారిలో గురుసామి బాణంలా పోతున్నాడు. "ఈ స్పీడు అవసరమా గురుసామీ?" అన్నాను. "అవసరమా సార్? సరి," అని ఇంకా తొక్కాడు. నేను "అవసరమా, అవసరమా" అని అరిచినకొద్దీ కారు లేచిపోతోంది. ఆ వైపు అవసరమంటే తొందర. డిండిగల్లు ఎప్పుడొచ్చిందో ఎప్పుడు పోయిందో నేను చూడలేదు, కళ్ళు మూసుకొని ఉన్నాను.

మధురలో రోడ్ల శాఖ ఆఫీసులో పాత రికార్డులు అడగమని కవిత చెప్పింది. అక్కడి గుమాస్తా మర్యాదగా కూర్చోబెట్టి, కాఫీ తెప్పించి, ఆ ముక్క మీద పైసా ఖర్చు కాలేదని చెప్పాడు. "ఖర్చయి ఉంటే మాకు తెలియకుండా ఉంటుందా?" అన్నాడు. మా వైపు ఖర్చయి రోడ్డు లేనివి బోలెడు చూశాను. ఖర్చు లేకుండా బాగుపడ్డ రోడ్డు ఇదే మొదటిది. గుడి గోపురానికి బదులు దీన్నే చూపించి టికెట్టు పెట్టొచ్చు.

సాయంత్రం జిగర్‌తండా తాగాను. పాలూ, సగ్గుబియ్యం లాంటి జిగురూ, మీద ఐస్‌క్రీమూ, గ్లాసు యాభై రూపాయలు. దాని చల్లదనం మోకాళ్ళ దాకా దిగింది. పక్కనే తెలుగు వ్యాపారుల బట్టలంగడి. మా ఆవిడకు చుంగుడి చీర బేరమాడుతుంటే అంగడి పెద్దాయన నా మాట విని కళ్ళజోడు పైకెత్తాడు.

"ఏ ఊరు మీది?"

"ఒంగోలు."

"ఆడ కూడా తెలుగు మాట్లాడతారా?" అన్నాడు, ఎంతో సంతోషంగా. "పరవాలేదే! కొంచెం చెడిపోయుండాది గానీ, అర్థమవుతుండాది."

ఆ ఒక్క మాటకు బేరం మాని అడిగినంత ఇచ్చేశాను.

చిన్నమనూరు

కంబం లోయలో (మన వైపు కంబం కాదు, అక్కడిదే) పొద్దునపూట కారు దిగితే మనిషికి ఉద్యోగం గుర్తుండదు. ఒక పక్క వరి, ఒక పక్క కొబ్బరి, మధ్యలో పందిళ్ళ కింద గుత్తులు గుత్తులుగా ద్రాక్ష. చుట్టూ కొండలు. మా నిప్పుల్లాంటి ఎండ ఇక్కడికి సెలవు మీద వచ్చినట్టుంది.

మేం వెతుకుతున్న ముక్క ఊరు దాటాక వచ్చింది. దానికి ముందు ఉన్న రోడ్డు మా నడుముల్ని విడదీసి మళ్ళీ అతికించింది. ఆ ముక్క ఎక్కగానే నెమ్మది. దిగి చూశాను. అవి డ్రైనేజీ మూతలు కావు. తారుతో పూడ్చిన గుంటలు. అన్నీ ఒకే కొలత, గుండ్రంగా, పెనం మీద పోసిన దోసెల్లా. నా సర్వీసులో గుంటల్ని చదరంగా పూడ్చడం చూశాను, ఏ ఆకారమూ లేకుండా పూడ్చడం ఎక్కువగా చూశాను, గుండ్రంగా మాత్రం ఎన్నడూ చూడలేదు.

సరే, గుంటలు పూడ్చారు. ఎవరు? ఆ గుండ్రాల కిందా మధ్యా అడుగు నుంచి బాగు చేశారా, లేదా? పక్కనే టీకొట్టు. గురుసామి బెంచీ మీద కూర్చొని మెదువడ మీద పడ్డాడు. నేను కొట్టాయనతో మాట కలిపాను.

"అన్నా, ఈ రోడ్డు ఎవరు బాగు చేశారు?"

"రంగనాయకక్క," అన్నాడు టీ తిరగబోస్తూ. "ఆయమ్మే ఒట్టు ఏసె."

"ఒట్టేసిందా?"

"ఆమా. పోయిన వానల ముందర. ఆయమ్మ ఒట్టు ఏసినంక బండ్లు బాగా పోతుండాయి."

నేను ఇంకాస్త దగ్గరికి జరిగాను. "ప్రభుత్వం వాళ్ళు ఏమీ చెయ్యలేదా?"

"వాళ్ళా? వాళ్ళు మునుపు ఒకసారి ఒట్టు ఏసి పోయిరి. తొలి వానకే లేచిపోయె."

"మా వైపూ అంతేనన్నా!" అన్నాను. ఇంత నిజం ఇంత తేలిగ్గా చెప్పినవాణ్ణి నేను చూడలేదు.

"రంగనాయకక్క ఒట్టు అట్ల కాదు. లారీ పోయినా కదల్దు."

నేను పగలబడి నవ్వాను. గురుసామీ నవ్వాడు. కొట్టాయన కూడా నవ్వి, ఇంకో వడ ఇచ్చాడు.

నాకంతా కళ్ళకు కట్టింది. ఒక ఆడమనిషి నడిరోడ్డు మీద నిలబడి, అరచేతిలో కర్పూరం వెలిగించి, రోడ్డు వేస్తే గానీ పచ్చి మంచినీళ్ళు ముట్టనని ఒట్టేసింది. అధికార్లు వణికిపోయారు. కాగితం మీద ఎక్కించకుండా రాత్రికి రాత్రి వచ్చి రోడ్డు బాగు చేసి పోయారు. అందుకే మధురలో ఖర్చు లేదు! కొట్టాయన కర్పూరం అనలేదు, అధికార్లనీ అనలేదు. కానీ ఒట్టంటూ వేశాక ఇవన్నీ ఉండకుండా ఎట్లా ఉంటాయి? ఫోను తీసి, రిమార్కుల్లో ఇంగ్లీషులో రాసి పంపాను: స్థానిక మహిళ చేసిన శపథం కారణంగా శాఖవారు రోడ్డును పూర్తిగా బాగు చేశారు.

టీ పూర్తయ్యేలోపు కవిత ఫోన్ చేసింది.

"సార్, కథలు వద్దని చెప్తిని గదా."

"కథ కాదమ్మా, ఊళ్ళో చెప్పారు."

"శపథం చేస్తే కుదుపు తగ్గిందని మెషీన్‌కి ఎట్ల చెప్పేది? ఆఫీసోళ్ళు ఏమీ చేయలేదంటుండారు. మీరు చేసిరంటుండారు. ఏది నమ్మేది? ఈ ముక్క తీసేస్తుండా. సాయంత్రం ఫైలు మూయాల."

"కవితా, నిజంగా..."

"చేప కూడా నిజంగానే అంటిరి సార్," అని పెట్టేసింది.

ముప్ఫై ఏళ్ళుగా చెప్పిన కథలన్నీ నమ్మారు జనం. విన్నది విన్నట్టు చెప్పిన రోజున, పోనీ కాస్త కర్పూరంతో చెప్పిన రోజున, నమ్మలేదు. సరే, నా పని అయిపోయిందనుకొని కారెక్కాను.

పంచర్ అంగడి

రెండు కిలోమీటర్లు పోయామో లేదో వెనక చక్రం చప్పగా కూర్చుంది. దగ్గర్లోనే రేకుల పాక, ముందర టైర్ల గుట్ట. పంచర్లు వేసే అతని పేరు సీనివాసన్. నలభై ఏళ్ళుంటాయి. చక్రం విప్పి ట్యూబు నీళ్ళలో ముంచి చూశాడు.

"కూర్చోండి సార్. ఒట్టు ఏస్తా," అన్నాడు.

ఈ ఊళ్ళో ప్రతివాడికీ ఇదే అలవాటు కాబోలనుకున్నాను. "ఒట్టెందుకయ్యా, నేను నమ్ముతాను," అన్నాను.

సీనివాసన్ నా వైపు జాలిగా చూశాడు. "నమ్మితే చాలదు సార్. ఒట్టు ఏయకుంటే గాలి నిలవదు."

"ఒట్టేస్తే నిలుస్తుందా?"

"నా ఒట్టు రెండేండ్లు నిలుస్తది. ట్యూబు పోయినా ఒట్టు పోదు."

నేను గురుసామి వైపు తిరిగాను. అతను మామూలుగా పళ్ళు కుట్టుకుంటున్నాడు. సీనివాసన్ రబ్బరు ముక్క ఒకటి గుండ్రంగా కత్తిరించి, ట్యూబు గీకి, జిగురు రాసి, ముక్కని దాని మీద అదిమి పెట్టి, వేలితో చూపించాడు.

"ఇదో. ఒట్టు."

గుండ్రటి రబ్బరు ముక్క. నల్లగా, పెనం మీద దోసెలా. దాన్నే చూస్తూ ఉండిపోయాను. పసి అంటే ఆకలి, అవసరమంటే తొందర, ఒట్టంటే అతుకు.

"గురుసామీ, ఒట్టంటే అతుకని నీకు తెలుసా?"

"అది తెలియకేం సార్? చొక్కాకి ఏసేది, ట్యూబుకి ఏసేది, రోడ్డుకి ఏసేది. అన్నీ ఒట్టే."

"మరి టీకొట్టులో చెప్పవేం?"

"మీరు నవ్వితిరి. నేనూ నవ్వితిని."

పాక గోడకు ట్రాక్టరు చక్రపు ఇనుప రిమ్ము ఒకటి వేలాడుతోంది. దాని అంచుల నిండా తారు. అదేమిటని అడిగాను.

"అది మా అత్తది సార్, రంగనాయకత్త. గుంట మీద ఇది పెట్టి, లోపల తారుకంకర పోసి కుమ్మేది. పక్క ఊళ్ళో రోడ్డు పనికి పోయే లారీలోళ్ళకి ద్రాక్ష ఇచ్చి, మిగిలిన తారుకంకర దింపించుకుంటది."

"అడుగు తవ్వి వేస్తుందా?"

"అడుగు ఆడ ఏముండాది సార్? ఉత్త బురద. పైన ఒట్టు, అంతే."

ట్యూబు ఎక్కించేలోపు నేను ఆవిడ తోట ఎక్కడని మూడుసార్లు అడిగాను. "అవసరమా సార్?" అన్నాడు సీనివాసన్. చాలా అవసరమన్నాను. ఈసారి ఇద్దరం ఒకే అర్థంతో అన్నాం.

రంగనాయకక్క తోట

అరవై దాటిన మనిషి. చీర పైకి దోపి, పందిరి కింద గుత్తులకు కాగితాలు చుడుతోంది. మేం ఎవరమో సీనివాసన్ చెప్పగానే ముందు కూర్చోమంది, తర్వాత తినమంది. ఆకులో రాగి సంగటి, మునగాకు పొరటు, మజ్జిగ మిరపకాయ. నోరు మండి కళ్ళ నీళ్ళొస్తుంటే గుప్పెడు ద్రాక్ష చేతిలో పోసింది.

"రోడ్డు ఎప్పుడు ఏస్తారు తంబీ?" అంది. "మా గుత్తి కోతకి వస్తుండాది. గుంటలో బండి పడితే కాయ రాలిపోతది. రాలిన గుత్తిని మార్కెట్లో ఎవుడూ చేత్తో కూడా ముట్టడు. అందుకే ప్రతి వారం నేనూ సీనూ ఒట్టు ఏస్తుండాము. పోయిన కోతకి చేత అయ్యె. ఇంక నా మోకాళ్ళు వంగవు. ఈ వానలకి రోడ్డు ఏయకుంటే, ఈ తోట కొట్టేసి కొబ్బరి పెట్టేసేదే."

చెప్పక తప్పలేదు. గుంటలు పూడ్చడం వల్ల కంప్యూటరులో ఈ రోడ్డు బాగున్నట్టు కనిపిస్తోందనీ, బాగున్న రోడ్డు ఎవరూ వెయ్యరనీ చెప్పాను. ఆవిడ చేతిలో కాగితం ఆగిపోయింది.

"అంటే గుంట ఉంటే రోడ్డు ఏస్తారు?"

"అవునక్కా."

"పూడిస్తే ఏయరు?"

"లెక్క ప్రకారం అంతేనక్కా."

"పక్క ఊరోళ్ళు గుంటలో కప్పల్ని పెంచిరి. వాళ్ళకి రోడ్డు. నేను నడుము విరగ్గొట్టుకొని ఒట్టు ఏసినందుకు నాకు మన్ను. బాగుండాది మీ మెషీను!" అని లేచింది. "సీనూ! గడ్డపార ఎత్తుకొని రా. అన్నీ పెరికేస్తాం. వాళ్ళకి గుంటలే కావాలంటే నా చేత ఉండాయి, ఇస్తా!"

సీనివాసన్ నిజంగానే గడ్డపార తేవడానికి బయల్దేరాడు. అవి పెరికితే కోతకి ముందే గుత్తులన్నీ రోడ్డు పాలు. నేను అడ్డం పడ్డాను.

"వద్దక్కా! జరిగింది జరిగినట్టు లెక్కలో రాయిస్తాను. ఈ రోడ్డు లోపల జబ్బు పోలేదని చెప్పిస్తాను. ఒట్టు!"

రంగనాయకక్క ఆగింది. నన్ను పై నుంచి కింది దాకా చూసింది. ముఖ్యంగా చేతులు చూసింది.

"ఒట్టా? నువ్వా?"

"ఒట్టక్కా! నేనే!"

"సరి," అంది. "ఏయి మరి."

పది నిమిషాల తర్వాత నేను రోడ్డు మీద, ప్యాంటు మోకాళ్ళ దాకా మడిచి, ట్రాక్టరు రిమ్ము ముందు కూర్చొని ఉన్నాను. అన్న మాట వెనక్కి తీసుకుందామంటే ఏ అర్థంలో తీసుకోవాలో తెలియలేదు. గుంటలో చెమ్మ. దాన్ని తుడిచి, వేడి చేసిన తారుకంకర పోసి, దిమ్మిసతో కుమ్మాను. ఆవిడ పందిరి నీడలో నిలబడి, "ఇంకా గట్టిగా తంబీ, అది నీ పెండ్లాం వీపు కాదు," అని హెచ్చరించింది. గురుసామి ఫోటోలు తీశాడు. నా ఒట్టు గుండ్రంగా రాలేదు. కాస్త గుమ్మడికాయ తీరుగా వచ్చింది.

ఆ ఫోటోలు కవితకు పంపి, ఫోన్ చేసి, ఒక్క మాటే అన్నాను. "కవితా, ఆవిడ వేసింది ఒట్టు."

అటు నుంచి ఆ గంభీరమైన పిల్ల నవ్వింది. ఎంతకీ ఆపలేదు.

"అయ్యో సార్, ఆ ఒట్టా! మా అవ్వ నా పావాడకి ఏసే ఒట్టా! శపథం అని రాస్తిరే! అట్లనే తెలుగులో చెప్పుంటే నాకు అప్పుడే తెలిసేది గదా!"

నేను ఇంగ్లీషులోకి మార్చి చెడగొట్టానన్నమాట. మార్చకుండా పలికితే సరిపోయేది. ఆ అమ్మాయి రంగనాయకక్కకు ఫోన్ ఇమ్మంది. ఇద్దరూ నాకు సగమే అర్థమయ్యే తెలుగులో చాలాసేపు మాట్లాడుకున్నారు. ఎప్పటి నుంచి ఏస్తుండారు, అడుగున ఏముండాది, ఒక ఒట్టు ఎంతకాలం నిలుస్తది. ఫైల్లో మరమ్మతు ఎవరు చేశారనే గడిలో శాఖ, కాంట్రాక్టరు అని రెండే పేర్లున్నాయట. కవిత మూడోది చేర్చింది: ఊరివాళ్ళు. వాళ్ళ పుణ్యాన రోడ్డు పైకి బాగున్నా, లోపల జబ్బు ఉన్నట్టే లెక్క అని గుర్తు పెట్టింది. డ్రైనేజీ మూతలన్నిటికీ పేరు మార్చింది.

"మీరు చెప్పేది అంతా నిజమే గదా సార్?" అని చివర్లో అడిగింది.

"ఒట్టు," అన్నాను.

"ఏ ఒట్టు?"

"రెండూనమ్మా. చేతులింకా కంపు కొడుతున్నాయి."

కొండల మీద ఎండ ఉండగానే ఫైలు మూశారు.

ఒంగోలు

ఇంటికొచ్చాక చుంగుడి చీర ధర విని మా ఆవిడ నోట మాట రాలేదు. తర్వాత వచ్చింది, చాలాసేపు ఆగలేదు. బావమరిది కథంతా విని, "రిమ్ము దాకా బాగుంది బావా, నువ్వు దిమ్మిస పట్టావన్న చోట చెడింది," అన్నాడు. ఫోటో చూపిస్తే, ఇప్పుడు ఫోటోలు ఎట్లా కావాలంటే అట్లా చేస్తున్నారట కదా అన్నాడు.

కొన్నాళ్ళకు కవిత నుంచి కబురొచ్చింది. మెషీను జాతకం చెప్పేసింది. ద్రాక్ష తోటల ముక్క ఈ వానలు దాటడం కష్టమని, దాన్ని ముందు వెయ్యాల్సిన రోడ్ల వరసలో పైన పెట్టింది. పై వాళ్ళు ఆ వరసను ఒప్పుకున్నారట. నేను వీధంతా చెప్పాను. వీధిలో ఎవరూ ఒప్పుకోలేదు.

మొన్న అన్నం తింటుంటే ఫోన్ మోగింది. చేతికి పప్పు ఉండటం వల్ల మా ఆవిడే స్పీకరు నొక్కి విస్తరి పక్కన పెట్టింది. రంగనాయకక్క గొంతు ఇల్లంతా నిండింది.

"తంబీ! రోడ్డుకి కొలతలు ఏసి పోయిరి. అంచుకి సున్నం గీతలు గీసిరి. జల్లి కంకర కూడా దించిరి, నా కంటితో చూస్తిని!"

"చాలా సంతోషం అక్కా!"

"కోతకి ముందే ఏసేస్తారంట. గుత్తి రాలదు. నీకొక పెట్టె పంపిస్తా. అది సరి, ఇంకొకటి చెప్పాల. ఈడ రెండు రోజులు వాన కొట్టె. మా ఒట్లన్నీ గట్టిగా ఉండాయి. నీ ఒట్టే తొలి వానకి లేచిపోయె తంబీ."

నేను విడమరిచి చెబుదామని నోరు తెరిచేలోపు, మా ఆవిడ పప్పు గరిటె పట్టుకొనే ఫోను మీదికి వంగింది.

"మాకది కొత్తేం కాదు వదినా," అంది. "ఇక్కడైతే వాన కూడా అక్కర్లేదు."